ఆయిలు ఇంజను వాల్వులు అరుగుట, మాడుట, వాని నివారణ

ఆయిలు ఇంజను తలయొద్ద టకటకమను చప్పుడు వినబడినచో అది చెడిపోవుచున్నదనియు, చప్పుడు లేక మెత్తగా నడచినచో బాగుగా నున్నదనియు మన రైతులలో చాలమంది తలచుచున్నారు. మేమును కొంతకాలము అట్లే తలచితిమి. ఆ తలంపు వలన ఒక రైతునకు నష్టము కూడ కలిగించితిమి. ఆ సంగతి మున్ముందు చెప్పెదము. ఇప్పటికి ఇంత తెలిసికొనిన చాలును: చప్పుడు చేయు వాల్వు తన బాధను చెప్పుకొనుచున్నది, దానిని సవరించుటకు మనకు వ్యవధి గలదు. సందు లేక బిగుసుకొనిన వాల్వు నోరు మెదపకయే మాడిపోవును.

విద్యుత్తు మోటార్లు ఊరూర వ్యాపించిన పిమ్మట ఆయిలు ఇంజనుల వాడుక తగ్గినమాట నిజమే. అయినను శివారు భూముల రైతులు కాలువ నీరందని దినములలో మురుగు కాలువల నుండి నీరు తోడుకొనుటకు వీనినే ఆశ్రయించుచున్నారు. కరెంటు తీగ చేరని చేలకు ఇవే దిక్కు. ట్రాక్టరును, వరికోత యంత్రమును నడుపునది కూడ ఈ జాతి ఇంజనే. అందుచేత ఇచ్చట చెప్పబోవు సంగతులలో అధికభాగము వానికిని వర్తించును.

ముందుగా వాల్వుల పని యెట్టిదో చూతము. జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫు డీజిలు అను ఇంజనీరు 1897వ సంవత్సరమున పరీక్షించి చూపిన ఇంజను మొదలు మన చేనిగట్టు మీది ఇంజను వరకు మూలపద్ధతి ఒక్కటే. పిస్టను క్రిందికి దిగుచు గాలిని పీల్చును. పైకి వచ్చుచు ఆ గాలిని నొక్కును. ఆ నొక్కుడు వలన గాలి మిక్కిలి వేడెక్కి, అందులో చిమ్మబడిన చమురు తనంతట అంటుకొని, పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. మరల పిస్టను పైకి వచ్చునప్పుడు పొగ వెడలిపోవును. గాలి లోనికి వచ్చుటకు ఒక ద్వారము, పొగ పోవుటకు ఒక ద్వారము. ఆ రెండు ద్వారములకు తలుపులే వాల్వులు. గాలిని నొక్కునప్పుడును, చమురు మండునప్పుడును రెండు తలుపులు గట్టిగా మూసికొని యుండవలెను. వెంట్రుకవాసి సందున్నను ఇంజను బలము పోవును.

ఈ తలుపులను తెరచు సాధనముల వరుస యిది. ఇంజను లోపల క్యాముషాఫ్టు అను కడ్డీ తిరుగుచుండును. దానిమీద కోడిగ్రుడ్డు వాలకము గల క్యాములు ఉండును. క్యాము మొన పైకి వచ్చినప్పుడు దానిపై ఆని యున్న ట్యాపెటు లేచును. ట్యాపెటుతో పుష్‌రాడు లేచి, రాకరు యొక్క ఒక కొనను ఎత్తును. రాకరు మన ఏతపు దూలము వంటిది. ఒక కొన లేచిన రెండవ కొన దిగును. దిగిన కొన వాల్వు కాడను నొక్కి తెరచును. క్యాము మొన దాటిపోగానే స్ప్రింగు వాల్వును వెనుకకు లాగి సీటుమీద కూర్చుండబెట్టును. ఇందులో లోహము లోహమును రాచుకొను తావులు ఆరేడు గలవు. ఒక్కొక్క తావు కాగితము మందమంత అరిగినను, అన్నియు కలసి వాల్వు తెరచుకొను వేళను, ఎత్తును, మూసికొను వేళను మార్చివేయును.

నిమిషమునకు 650 చుట్లు తిరుగు నెమ్మది ఇంజనులో క్యాముషాఫ్టు దానిలో సగము, అనగా 325 చుట్లు తిరుగును. కనుక ప్రతి వాల్వును నిమిషమునకు 325 మారులు తెరచుకొని మూసికొనును. పది గంటలు నడచిన దినమున ఆ లెక్క 1,95,000 అగును. నారుమడికి పదిదినములు నీరు తోడినచో పందొమ్మిదిన్నర లక్షలు. మన యింటి తలుపు నిన్ని మారులు వేసి తీసినచో దాని బందులు ఏమగునో ఆలోచింపుడు.

రైలు డీజిలు ఇంజను సంగతి చూచినచో ఇది యింకను ఆశ్చర్యము గొలుపును. అమెరికా దేశపు ఆల్కో కంపెనీవారి నమూనా ననుసరించి వారణాసి కర్మాగారమున 1964వ సంవత్సరము మొదలుకొని నిర్మింపబడిన డబ్ల్యు.డి.ఎం.2 రకపు రైలింజనులో 16 సిలిండర్లు గలవు. దాని బలము 2,600 అశ్వబలములు. సిలిండరు ఒక్కింటికి గాలివాల్వులు రెండు, పొగవాల్వులు రెండు చొప్పున మొత్తము 64 వాల్వులు. పూర్తి వేగమున నిమిషమునకు 1,000 చుట్లు. అనగా ఒక్కొక్క వాల్వు 500 మారులు తెరచుకొనును. దశాబ్దముల తరబడి మన ప్రాంతపు గూడ్సుబండ్లను, పాసింజరు బండ్లను లాగినవి ఇట్టివే. గుత్తి, కాజీపేట మొదలగు చోట్ల గల డీజిలు షెడ్డులలో వీనిని పరీక్షించి బాగుచేయుచుండిరి. విద్యుత్ రైలింజనులు పెరిగిన కొలదియు ఇవి తగ్గినవి గాని, వీని వలన మనము నేర్వదగిన పాఠము తగ్గలేదు.

రైలింజను ఏ డ్రైవరునకును సొంతము గాదు. నేడు ఒకరు నడుపుదురు, రేపు మరియొకరు. మన సంఘము అద్దెకిచ్చు ఇంజను కూడ అట్టిదే. ఈ వారము ఒక చేనిలో, వచ్చు వారము వేరొక చేనిలో నుండును. పదిమంది చేతులలో తిరిగినది పాడగుట సహజమని మనవారందురు. అట్లయినచో రైలింజనులు ముప్పది యేండ్లకు పైబడి యెట్లు పనిచేసినవి? లోహము మంచిదగుట ఒక కారణమే. కాని షెడ్డులో వాని కందెన నూనెను పరీక్షింతురు, సందులను కొలుతురు, కొలిచినదానిని వ్రాసి యుంచుదురు. ఈ మూడును మనమును చేయదగినవే. పెద్ద ఖర్చు గలవి కావు.

మొదట నూనె సంగతి. ఇరుసుకు కందెన వేయక బండి కట్టిన రైతు మనలో లేడు. ఆ రైతే ఇంజను రాకరునకు నూనె చుక్క వేయుట మరచును. కారణమేమన, ఇంజనులో నూనె పోసితిమి గదా, అది యన్ని తావులకును చేరునని నమ్ముట. కొత్త రకపు ఇంజనులలో అది నిజమే. నూనెపంపు రాకరు వరకును నూనెను పంపును. కాని ఇంగ్లాండులోని లిస్టరు కంపెనీవారి పాత నమూనా ననుసరించి చేయబడిన నెమ్మది ఇంజనులు మన పల్లెలలో చాల గలవు. వానిలో అనేకములందు రాకరు ఇరుసునకు, పుష్‌రాడు గిన్నెకు, వాల్వు కాడకు నూనె తనంతట రాదు. నూనెబుడ్డితో మనమే వేయవలెను. ప్రతిదినము ఇంజను త్రిప్పకముందు ఒకమారు, ఎక్కువ గంటలు నడచునప్పుడు నడుమ నాపి మరియొకమారు వేయుట మంచిది. వాల్వు కాడకు మాత్రము రెండు మూడు చుక్కలు చాలును. ధారగా పోసినచో నూనె గైడు గుండ దిగి, పొగవాల్వు మెడయొద్ద మాడి మసిగట్టును. ఆ మసియే కాడను పట్టుకొని వాల్వును మూసికొననీయదు.

క్యాము, ట్యాపెటు ఒరయు తావున ఒత్తిడి మిక్కిలి హెచ్చు. వాని పైచర్మము మాత్రమే గట్టిపరుపబడి యుండును. లోపలి ఉక్కు మెత్తనిది. గట్టిచర్మము ఒకచోట పెచ్చు లేచినచో ఆ తరువాత అరుగుదల వేగముగా సాగును. కనుక క్యామును గాని ట్యాపెటును గాని ఆకురాయితో రాచి నునుపు చేయబూనుట కూడదు. మంచి ఇంజను ఆయిలులలో అనేకములందు జింకు గల మందు కొంత కలిపి యుందురు. అది ఒత్తిడి గల తావున సన్నని పొరవలె అంటుకొని లోహమును కాపాడును. అయితే ఒక ఇంజనుకు మందైనది వేరొకదానికి విషము కావచ్చును. 1995వ సంవత్సరపు ఒప్పందము ననుసరించి మన రైల్వేలకు వచ్చిన అమెరికా జనరల్ మోటార్సు జాతి ఇంజనులలో వెండి పూతగల బేరింగులు ఉండుటచేత, ఆ జాతి ఇంజనులకు జింకు లేని నూనెనే వాడవలసి యుండెను. ఇంజనుతో వచ్చిన పుస్తకములో ఏ తరగతి నూనె వ్రాయబడినదో దానినే కొనవలెను. పట్టణములో లారీల నుండి తీసిన నల్లనూనెను వడగట్టి చౌకగా అమ్ముదురు. దానిని కొనుట డబ్బిచ్చి ఇసుక కొనుటయే.

రైలు షెడ్డులలో నూనెను ప్రయోగశాలలో పరీక్షించి, అందులో ఇనుము, రాగి, సీసము, దుమ్ము ఎంతెంత కలసినవో కనుగొందురు. ఇనుము హెచ్చినచో ఏదో యొక ఉక్కు భాగము అరుగుచున్నదని యర్థము. అట్టి సాధనము మనకు లేదు గాని, అద్దకపు కాగితమున్నది. వేడి నూనెలో పుల్ల ముంచి కాగితముపై ఒక చుక్క వేయుడు. గంటసేపటికి నూనె చుట్టును పరచుకొని, క్రమముగా లేతబడు మచ్చ యేర్పడినచో నూనెకు ఇంకను శక్తి గలదు. నడుమ నల్లని ముద్ద నిలిచి, చుట్టును తేటనూనె మాత్రము విడివడినచో మార్చు వేళ వచ్చినది. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. ఇంకొక గురుతును చెప్పెదము: కొలపుల్లపై నూనె మట్టము నానాటికి పెరిగినచో సంతోషింపరాదు. మండని డీజిలు క్రిందికి జారి నూనెలో కలియుచున్నదన్నమాట. పలుచనైన ఆ నూనె క్యాములను కాపాడజాలదు.

ఇక సందు సంగతి. మా అభిప్రాయములో అన్నిటికంటె ముఖ్యమైనదియు, అన్నిటికంటె తప్పుగా తెలిసికొనబడినదియు ఇదియే. వాల్వు మూసికొని యున్నప్పుడు రాకరు కొనకును వాల్వు కాడకును నడుమ సన్నని సందు ఉండవలెను. మేస్త్రీలు దీనిని ట్యాపెటు గ్యాపు అందురు. ఇది అరుగుదల వలన కలిగిన లోపము కాదు, కావలెనని ఉంచినది. ఇనుము వేడికి సాగునను సంగతి బండిచక్రమునకు పట్టా వేయుట చూచినవారందరును ఎరుగుదురు. ఆరు అంగుళముల ఉక్కు కాడ 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కినచో సుమారు అర మిల్లీమీటరు పొడవగును. చుట్టునున్న హెడ్డును కొంత సాగును గాని అంత సాగదు. ఆ పెరుగుదలకు తావు ఉంచనియెడల కాడ రాకరునకు తగిలి, వాల్వు సీటును విడిచి నిలిచియుండును.

అట్లు నిలిచినచో ఏమగును? గాలివాల్వునకు ప్రతిమారును చల్లని గాలి తగులుచుండును గనుక దానికి కొంత మేలు. పొగవాల్వు ఎల్లప్పుడును మంటలోనే యుండును. దాని తలలోని వేడి యెక్కువభాగము అది సీటుమీద కూర్చున్న కాలముననే సీటులోనికి, అచ్చటినుండి చల్లబరచు నీటిలోనికి పోవును. వాల్వు కూర్చుండనిచో వేడి పోవుటకు దారి లేదు. పైగా మండుచున్న వాయువు ఆ సన్ననిసందు గుండ కొలిమి తిత్తి ఊదినట్లు వెడలుచు అంచును కోసివేయును. ఒకమారు గోరంత గాడి పడినచో ఇక దానికి ఆపు లేదు.

2018వ సంవత్సరము జూలై మాసమున మా వలన జరిగినది ఇదియే. డెల్టా శివారున ఒక ఆసామి సంఘపు ఇంజనును తీసికొనిపోయి మురుగు కాలువ నుండి నారుమడికి నీరు పెట్టుచుండెను. మేము ఆ దారిని పోవుచుండగా పిలిచి, "అయ్యా, ఇంజను తల కొట్టుకొనుచున్నది, ఒకమారు చూచి పొండు" అనెను. మా యొద్ద ఫీలరు గేజి లేదు. చెవితోనే చూచుకొందమని రాకరు మరను చప్పుడు పోవువరకును బిగించి, లాకు నట్టు కట్టితిమి. ఇంజను కుట్టుమిషనువలె మెత్తగా నడచెను. ఆసామి సంతోషించి కొబ్బరిబొండము కొట్టి యిచ్చెను. మేమును సంతోషముతోనే త్రాగితిమి.

మరుసటి దినము, ఇంజను వేడెక్కిన తరువాత నీటిధార తగ్గుచున్నదని ఆయన కబురు పంపెను. ఫుట్‌వాల్వునకు నాచు పట్టినదేమో తీసి కడుగుడని మేము చెప్పి పంపితిమి. నాలుగవనాటి ఉదయమున ఇంజను ఎంత త్రిప్పినను అంటుకొనలేదు. హెడ్డు విప్పి చూడగా పొగవాల్వు అంచున గోరంత ముక్క కాలి లేచిపోయి యుండెను, సీటుపై నల్లనిచార పడి యుండెను. పట్టణమునకు పోయి వాల్వు తెచ్చి, సీటు కోయించి, మరల కూర్చునప్పటికి రెండున్నర దినములు పట్టెను. ఆ యెండలో నారుమడి మూడవవంతు ఎండిపోయెను. ఆసామి పొరుగు వారి యొద్ద నారు కొని నాట్లు ముగించెను. ఆయన మమ్మేమియు అనలేదు. "చప్పుడు చేసినన్ని నాళ్ళు నీరిచ్చినది గదయ్యా" అని మాత్రము అనెను. నారు ఖర్చులో కొంత మేమిచ్చితిమి. అయినను ఆ మాట యిప్పటికిని చెవిలోనున్నది.

ఆ చప్పుడునకు అసలు కారణము తరువాత తెలిసినది. రాకరునకు చాలదినములుగా ఎవ్వరును నూనె వేయలేదు. ఇంజను తెచ్చినవాడు పంపినవాడు వేసినాడనుకొనెను. పంపినవాడు తెచ్చినవాడు వేయుననుకొనెను. నూనె లేక రాకరు కొన వాల్వు కాడ వెడల్పున గుంట పడి యుండెను. ఆ గుంటలో కాడ కొట్టుకొనుటయే చప్పుడు.

సందు ఎక్కువైనను మంచిది కాదు. క్యాము ప్రక్కలు మెల్లగా ఎత్తి మెల్లగా దింపునట్లు మొదటను తుదను వాలుగా చేయబడి యుండును. సందు హద్దు మీరినచో ఆ వాలు వృథాయై, రాకరు సుత్తివలె కొట్టును, వాల్వు సీటుమీద దభాలున పడును. కొనలు, సీటు, పుష్‌రాడు గిన్నె త్వరగా అరుగును. వాల్వు ఆలస్యముగా తెరచుకొని ముందుగా మూసికొనుట వలన బలమును తగ్గును. అయినను ఇది వారములలో, నెలలలో జరుగు నష్టము. బిగింపు దినములలో ముంచును. ఈ రెంటికిని గల తారతమ్యమును మరువరాదు.

కొలుచు విధానము చెప్పెదము. ఇంజను పుస్తకములో గాలివాల్వునకెంత, పొగవాల్వునకెంత, చల్లగా నున్నప్పుడు కొలవవలెనా వేడిగానా అను మూడు సంగతులు ఉండును. పొరుగువాని ఇంజను కొలత మన ఇంజనుకు వాడరాదు. ఫ్లైవీలును చేతితో త్రిప్పి, పిస్టను పైకి వచ్చి రెండు వాల్వులును మూసికొని యుండు స్థితిలో గురుతుకు నిలుపవలెను. అది నొక్కుడు ముగిసిన వేళ. పొగ వెడలు వేళ కూడ పిస్టను పైననే యుండును గనుక పొరపడుటకు వీలు గలదు. అప్పుడు ఒకటో రెండో వాల్వులు కొంచెము తెరచి యుండును. రెండు పుష్‌రాడులను వ్రేళ్ళతో తిప్పి చూడుడు; రెండును తేలికగా తిరిగినచో సరియైన స్థితి. చేతితో త్రిప్పు ఇంజనులకు నొక్కుడు తీయు మీట యుండును. అది పొగవాల్వును ఎత్తి పట్టునది కనుక కొలుచునప్పుడు దానిని దింపి యుంచవలెను. పిమ్మట చెప్పబడిన మందము గల ఫీలరు రేకును సందులో దూర్చి, కొంచెము పట్టుతో జారునట్లు మరను త్రిప్పి, లాకు నట్టు బిగించవలెను. బిగించునప్పుడు మర కదలుట సామాన్యము. కావున బిగించిన తరువాత మరల కొలువనిదే పని ముగిసినట్లు కాదు.

ఇచ్చట ఒక మోసము గలదు. రాకరు కొనకు గుంట పడినయెడల, వెడల్పైన రేకు గుంట అంచులపై వంతెనవలె నిలుచును. రేకు చెప్పిన సందు ఒకటి, గుంటలోని నిజమైన సందు వేరొకటి, అంతకంటె పెద్దది. కొలత సరిగా నుంచినను చప్పుడు పోనిచో దీనిని అనుమానింపవలెను. గుంట లేశమాత్రమైనచో సన్నని సానరాయితో సరిచేయవచ్చును. లోతైనచో గట్టిచర్మము పోయినట్లే, రాకరును మార్చవలెను. జనరల్ మోటార్సు జాతి రైలింజనులలో ఈ కొలత బాధ లేకుండ, నూనె ఒత్తిడితో సందును తనంతట సరిచేసికొను చిన్న సాధనములను అమర్చినారు. అయితే నూనెలో మడ్డి చేరినచో అవియు చిక్కుకొనును. నూనె శుభ్రత నుండి తప్పించుకొను మార్గము వారికిని దొరకలేదు.

వాల్వు కాడ జారు గొట్టమును గైడు అందురు. అది అరిగి వదులైనచో వాల్వు వంకరగా దిగి, సీటుపై ఒకప్రక్క మాత్రమే ఆనును. అటువంటి వాల్వును ఎన్ని మారులు పేస్టు పెట్టి ఒరసినను కొలది దినములకే మరల కారును. కాబట్టి హెడ్డు విప్పినప్పుడెల్ల వాల్వును కొంచెము ఎత్తి, ప్రక్కలకు ఊపి చూడవలెను. గైడును అరగదీయునది ముఖ్యముగా దుమ్ము. ఇసుకరేణువు ఉక్కుకంటె గట్టిది. కళ్ళములయొద్దను, మట్టిబాటల ప్రక్కను నడచు ఇంజను గాలితో పాటు దానిని మ్రింగును. గాలి వడపోత గిన్నెలో నూనె పోసి యుంచు రకమైనచో, ఆ నూనె బురదయైన నాడే మార్చవలెను. వడపోతను తీసివేసినచో ఇంజను బలము పెరుగునని కొందరందురు. మేము చూచినంతలో పెరిగినది మేస్త్రీ రాబడి మాత్రమే. మరియు, వాల్వులను ఒరసిన పేస్టు ఇసుకకు అన్న. హెడ్డును, గైడును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, వ్రేలికి గరుకు తగులనంతవరకు శుభ్రపరచక బిగింపరాదు.

ట్యాపెటులను విప్పినప్పుడు ఏది ఏ క్యాముపై నుండెనో గురుతుపెట్టి, మరల అచ్చటనే ఉంచవలెను. అవి యొకదానికొకటి ఒరసికొని అలవాటు పడినవి. అరిగిన క్యాముపై కొత్త ట్యాపెటు పెట్టినచో రెండును త్వరగా చెడును. చదునైన ట్యాపెటులను సామాన్యముగా క్యాము నడుమకు కొంచెము ప్రక్కగా అమర్చుదురు. పైకి క్రిందికి ఆడుచునే అది మెల్లగా గుండ్రముగా తిరుగవలెనని వారి యుద్దేశము. అప్పుడు అరుగుదల అంతటను సమముగా నుండును. మడ్డి పట్టి తిరుగకున్నచో ఒకే గాడిలో అరిగిపోవును. రైలింజనులలో ట్యాపెటు క్రింద చిన్న చక్రము నమర్చి, రాపిడికి బదులు దొర్లుడు వచ్చునట్లు చేసినారు.

ఇంజను త్రిప్పు వేళయు, ఆపు వేళయు గమనింపదగినవి. ఆగియున్న ఇంజనులో నూనె క్రిందికి జారి క్యాములు పొడిగా నుండును. నొక్కుడు మీట ఎత్తి, పదిపండ్రెండు చుట్లు ఊరక త్రిప్పి, ఆ తరువాత అంటించి, రెండు మూడు నిమిషములు బరువు లేక నడచిన పిమ్మట పంపును తగిలించుట మేలు. ఆపునప్పుడును అట్లే కొన్ని నిమిషములు బరువు తీసి నడిపినచో పొగవాల్వు మెల్లగా చల్లారును.

పంటకాలము ముగిసి ఇంజనును కొట్టములో పెట్టునప్పుడు మనవారు గోనెపట్టా కప్పి ఊరకుందురు. చాలదు. పొగగొట్టము మూతికి డబ్బా బోర్లింపవలెను. మొదటివాన చినుకులు ఆ దారిని దిగి తెరచియున్న వాల్వు అంచును తుప్పు పట్టించును. ఫ్లైవీలును నొక్కుడు ముగిసిన గురుతుకు తెచ్చి నిలిపినచో రెండు వాల్వులును మూసికొని యుండును, స్ప్రింగులకును విశ్రాంతి. పక్షమునకొకమారు రాకరులకు నూనె వేసి, నాలుగు చుట్లు త్రిప్పి, మరల ఆ గురుతుకే తెచ్చి యుంచవలెను.

సంఘపు ఇంజనుల విషయమున మేము కోరునది ఒక్కటి. ప్రతి ఇంజనుతో కూడ ఒక చిన్న పుస్తకము, ఒక నూనెబుడ్డి, ఒక ఫీలరు గేజి పెట్టెలో వెళ్ళవలెను. తీసికొనిపోయినవారు నడచిన గంటలు, పోసిన నూనె, రాకరునకు నూనె వేసిన వేళ వ్రాయవలెను. సందు కొలిచినవారు సరిచేసిన కొలతను మాత్రమే గాక, సరిచేయకముందు కనబడిన కొలతను కూడ వ్రాయవలెను. ఆ రెండవ అంకెయే మాటలాడును. కొలిచినప్పుడెల్ల సందు పెరిగి కనబడినచో క్యామో, ట్యాపెటో, రాకరో అరుగుచున్నది. పెరుగుదల మునుపటికంటె వేగమైనచో ఎచ్చటనో గట్టిచర్మము పోయినది, విప్పి చూడవలెను. పొగవాల్వు సందు కొలిచినప్పుడెల్ల తగ్గి కనబడినచో వాల్వు సీటులోనికి దిగిపోవుచున్నది. సీటు అరిగిన కొలదియు కాడ పైకి వచ్చి రాకరునకు దగ్గరగును గనుక, ఇంజను నానాటికి మెత్తబడుచు, మాడుటకు సిద్ధమగుచుండును. దానిని చెవి కనుగొనలేదు. పుస్తకములోని రెండు మూడు అంకెలు కనుగొనును.

ఈ పుస్తకము లేని సంఘములవారు రాబోవు నారుమళ్ళ కాలమునకు ముందుగా, ఇంజను చల్లగా నున్న ఒక ఉదయమున, రెండు వాల్వుల సందును కొలిచి, ఏ మరయు తాకకముందు కనబడిన అంకెను, తేదీని మొదటి పుటలో వ్రాసికొనవలెను.